రైలొచ్చింది, ఉప్పు మూట దిగింది

(ఆగస్టు 31, విముక్త జాతుల దినం నాడు కంబదూరులో చెప్పిన మాటలు)



తిరుపతి ప్యాసింజరు మన పక్కన కదిరిదేవరపల్లి దాకా వస్తా ఉంది కదా. రైలొస్తే ఊరు బాగుపడుతుందంటారు. నేనూ కాదనను. కానీ ఎరుకలోళ్లకీ సుగాలీలకీ రైలు ఏం చేసిందో కూడా వినండి.

మనలో ఉప్పు ఎరుకలోళ్లని ఉన్నారు. ఆ పేరు ఊరికే రాలేదు. సముద్రం ఒడ్డు నుంచి గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు తెచ్చి ఈ మెట్ట సీమలో ధాన్యానికి మార్చేవాళ్లు. సుగాలీలయితే పెరికెద్దుల మందలతో దక్కన్ అంతా తిరిగారు, సైన్యాలకి కూడా తిండిగింజలు మోశారు. దొంగలని తెలిస్తే ఏ రాజైనా తన గింజలు వాళ్ల చేతికిస్తాడా? ఆలోచించండి.

1856లో మద్రాసు రాయపురంలో దక్షిణాది మొదటి రైలు కదిలింది. 1871కల్లా గుత్తి, గుంతకల్లు మీదుగా పోయిన లైను రాయచూరులో బొంబాయి లైనుతో కలిసింది. వందల ఎద్దులు నెలల పాటు మోసేది గూడ్సుబండి రోజుల్లో దించేసింది. ఆ తర్వాత ఐదేళ్లకే ధాత కరువు. మిగిలిన ఎద్దులు మేత లేక చచ్చాయి.

అమెరికాలోనూ ఇదే కథ. 1869లో తూర్పు, పడమర రైళ్లు కలిశాయని సంబరాలు చేసుకున్నారు. ఆ పట్టాల వెంటే వేటగాళ్లొచ్చి అడవిదున్నల మందల్ని తుడిచిపెట్టారు. వాటి మీద బతికే మూలవాసుల తిండి పోయింది.

ఇక్కడ ఇంకొకటి జరిగింది. లైన్లు కలిసిన ఆ 1871లోనే, అక్టోబరులో, తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911లో అది మద్రాసు రాష్ట్రానికొచ్చింది. సరుకు పోయినా తిరుగుడు పోలేదు కదా, ఇక తిరిగేవాడే దొంగ! వేలిముద్రలు, ఠాణాలో హాజరు, ఊరు దాటాలంటే చీటీ. బాపట్ల దగ్గర సెటిల్‌మెంటు పెట్టి దానికి స్టూవర్టు దొర పేరు పెట్టారు. ఇప్పటికీ రైలు స్టేషను బోర్డు మీద ఆ పేరే, స్టూవర్టుపురం.

1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. 1962లో మన రాష్ట్రంలో అలవాటు నేరస్థుల చట్టం వచ్చింది. పేరు మారింది, అనుమానం మారలేదు. జైళ్లలో ఈ ముద్రని మన జాతుల మీద వాడుతున్నారని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టే తప్పుపట్టింది.

మీ ఇండ్లలో ముసలోళ్లుంటే ఈ వారమే కూర్చోబెట్టి అడగండి. ఉప్పు ఏ దారిన తెచ్చేవాళ్లు, మజిలీలు ఎక్కడ, ఏ ఊర్లో నీళ్లిచ్చేవాళ్లు అని. ఊరి పేర్లతో సహా రాసిపెట్టండి.