కంట్రోలు బియ్యం అనే మాట యాడ్నుంచి వచ్చింది?

ఈ రోజు యుద్ధకాలం పోస్టర్ల గురించి మాట్లాడుకుందాం. ముందు ఒక ప్రశ్న. మన వీరపునాయునిపల్లె దిక్కు పెద్దోళ్లు రేషన్ బియ్యాన్ని ఏమంటారు? కంట్రోలు బియ్యం. రేషన్ షాపును కంట్రోలంగడి అంటారు. రెండో ప్రపంచ యుద్ధం మన ఇండ్లల్లో వదిలిపెట్టి పోయిన మాట అది. ఎట్లో చెప్తా.

మీకు బాగా తెలిసిన పోస్టర్‌తో మొదలుపెడతా. ఎర్ర రంగు మీద తెల్ల అక్షరాలు, పైన కిరీటం. ‘కీప్ కామ్ అండ్ క్యారీ ఆన్’. టీషర్టుల మీద, మీమ్స్‌లో ఎన్నోసార్లు చూసుంటారు. 1939లో బ్రిటన్ దీన్ని సుమారు 25 లక్షల కాపీలు అచ్చేసింది. కష్టకాలం వస్తే అతికిద్దామని పక్కన పెట్టి, దాదాపు వాడనే లేదు. 2000లో ఒక పాత పుస్తకాల అంగడిలో ఒక కాపీ బయటపడినాకే ఇది ఇంత ఫేమస్ అయింది. జనం ఎట్లుండాలని సర్కారు కోరుకుందో ఆ పోస్టర్ చెప్తుంది. జనం నిజంగా ఎట్లున్నారో దాన్ని చూస్తే తెలీదు.

మరి మనోళ్లు ఎట్లున్నారు? 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడ మీద బాంబులు వేసినాయి. అప్పుడు మన కడప జిల్లా కూడా మద్రాసు రాష్ట్రంలోదే. పుకార్లు నమ్మొద్దు, ధైర్యంగా ఉండండి అని సర్కారు ప్రచారం చేస్తాండె. కానీ జపాన్ నౌకలు వస్తాండాయని భయపడి, ఆ సర్కారే మద్రాసు నుంచి ఆఫీసులను లోపలి ఊర్లకు తరలించింది. జనం కూడా మూటాముల్లె సర్దుకొని పోయినారు. బాంబులు పడితే తప్పించుకుంటాయేమోనని జూలో క్రూరమృగాలను కాల్చేసినారు. తీరా చూస్తే ఆ నౌకలు రాలేదు. ఇంక జనం ఎవరి మాట నమ్మాల?

ఇప్పుడు బియ్యం సంగతి. 1942 మార్చిలో రంగూన్ జపాన్ చేతికి పోయింది. దాంతో బర్మా బియ్యం రావడం ఆగిపోయింది. ధరలు పెరిగినాయి, సరుకు దాచిపెట్టేటోళ్లు దాచిపెట్టినారు. ‘ఎక్కువ పండించండి’ అని సర్కారు ప్రచారం ఎత్తుకుంది. 1941 జనాభా లెక్కల్లో చదువొచ్చినోళ్లు నూటికి 16 మందే, కాబట్టి ఇట్లాంటి ప్రచారానికి బొమ్మే దిక్కు. కానీ వానను నమ్ముకొని జొన్న, కొర్ర వేసుకునే మన మెట్టరైతుకు బొమ్మ చూపిస్తే ఏం లాభం? వాన పడితే పండుతుంది, లేకుంటే లేదు.

ఇట్ల కాదని సర్కారు ధరలు కట్టింది. పర్మిట్టు లేకుండా ధాన్యం తోలకూడదంది. టౌన్లలో రేషన్ కార్డులిచ్చింది. బట్టకు, కిరసనాయిలుకు కూడా కట్టడి పెట్టింది. వీటన్నిటికీ కలిపి పేరే కంట్రోలు. దొంగచాటుగా ఎక్కువ ధరకు అమ్మితే బ్లాకు. సినిమా టికెట్టు బ్లాకులో కొన్నామంటాం సూడండి, ఆ బ్లాకే.

ఇంకో బొమ్మ గురించి చెప్పాల. 1943 బెంగాల్ కరువులో సుమారు 30 లక్షల మంది చచ్చిపోయినారు. చిత్తప్రసాద్ అనే కళాకారుడు మేదినీపూర్ జిల్లా ఊర్లు తిరిగి, ఆకలితో ఉన్న మనుషుల బొమ్మలు గీసి పుస్తకం వేసినాడు. సర్కారు ఆ కాపీలు పట్టుకొని తగలబెట్టింది. అప్పుడు గోడకెక్కిన బొమ్మలూ ఉన్నాయి, మంటల్లో పోయిన బొమ్మలూ ఉన్నాయి. రెండూ చూస్తేనే యుద్ధం అర్థమవుతుంది.

ఇప్పుడు ఆ గోడ మన చేతిలోనే ఉంది. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ అప్పుడు ఏం జరిగింది? వీడియో గేమ్ క్లిప్పులను నిజం యుద్ధమని ఫార్వర్డ్ చేసినారు. అట్లాంటిది మీ ఫోన్‌కు వస్తే రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇది నన్ను ఏం చేయమంటాంది? నాకు ఏం చూపియ్యకుండా దాస్తాంది? జవాబు దొరికేదాకా షేర్ బటన్ మీద వేలు పెట్టొద్దు.

చివరగా ఒక పని చెప్తా. కంట్రోలు రోజులు తెలిసినోళ్లు ఇప్పుడు తొంభై దాటినోళ్లు. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో అట్లాంటి అవ్వో తాతో ఉంటే పోయి కూర్చోండి. అప్పుడు ఏం తిన్యారు, ఏం కట్టుకున్యారు అని అడిగి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. పోస్టర్లను మ్యూజియాలు దాచిపెట్టినాయి. వీళ్ల మాటలను మనమే దాచుకోవాల. ఉంటా మరి.