ఊపిరి లెక్క



పసిబిడ్డకు దగ్గు పట్టినంతనే గట్టి మందిమ్మని నర్సమ్మను నిర్బంధించుట మన గ్రామములయందు పరిపాటియైనది. ఆ గట్టి మందునకే యాంటీబయాటిక్కని పేరు. అది బాక్టీరియా యను సూక్ష్మజీవులను చంపునుగాని, జలుబునకు మూలమగు వైరసుల నేమియు జేయజాలదు.

ఎక్స్‌రే యంత్రమైనను లేని చిన్న వైద్యశాలలో, ఏ దగ్గునకు ఆ మందు వలయునో తెలియుట యెట్లు? ప్రపంచ ఆరోగ్య సంస్థవారి పద్ధతి యొకటి కలదు. బిడ్డ యేడువక నెమ్మదిగా నున్నపుడు, చొక్కా పైకెత్తి, గడియారము చూచుచు, నిండు నిమిషము ఊపిరులు లెక్కింపవలెను. రెండు నెలలు నిండి యేడాది నిండని శిశువునకు 50, ఏడాది నిండి యైదేండ్లు నిండని బిడ్డకు 40, అంతయో అంతకు మించియో యున్నచో న్యుమోనియాగా నెంచి అమాక్సిసిలిన్ ఇత్తురు. లెక్క తగ్గియుండి, వేరు చిహ్నములు లేకున్న, అది వట్టి పడిశము. ఆ మందు వలదు. డొక్కలెగురవేసినను, పాలు త్రాగలేకున్నను మాత్రము లెక్కతో పనిలేదు. తక్షణమే వైద్యునికడకు కొనిపోవలెను. నేను బడిలో నేర్పిన యే లెక్కయు నింత యక్కరకు వచ్చునది కాదు.

అక్కరలేకున్నను ఇచ్చిన నేమి నష్టమందురా? మందు తగిలినపుడెల్ల చచ్చునవి చావగా, దానికి లొంగని క్రిములు మిగిలి వృద్ధిపొందును. పెనిసిలిన్‌ను కనుగొనిన ఫ్లెమింగు పండితుడు 1945లోనే, నోబెల్ ఉపన్యాసమున, చాలీచాలని మోతాదులవలన నిట్టి యపాయము గలదని హెచ్చరించెను. రేపు నిజముగా న్యుమోనియా వచ్చిన బిడ్డకు ఆ మందు పనిచేయకపోవచ్చును.

కావున నర్సమ్మ గడియారము చూచుచుండగా తొందరపెట్టకుడు. మందక్కరలేదన్నచో, ఏ చిహ్నము కనబడిన బిడ్డను మరల తీసికొనిరావలయునో యడిగి తెలిసికొనుడు.