రంగస్థలముపై కొండవాడు

(చేవెళ్లలో పఠనాలయ సభయందు ఒక న్యాయవాది చేసిన ఉపన్యాసము)



మొదట నొక ప్రశ్న. మన తెలంగాణపు మాట తెలుగు చలనచిత్రములలో చిరకాలము ఎవరి నోట వినబడినది? కథానాయకుని నోట కాదు; రౌడీ నోట, హాస్యగాని నోట. మనము నొచ్చుకొంటిమి. మా యాస మీకు నవ్వులాటయా యని అడిగితిమి. అడుగుట న్యాయమే.

అట్టి మనము కొండజాతులయెడ ఏమి చేయుచున్నాము? ఆ మధ్య ఒక పాఠశాల వార్షికోత్సవమునకు పోయితిని. పసిపిల్లల మొగములకు మసి పూసి, నడుములకు ఆకులు చుట్టి, అర్థము లేని కేకలు వేయించి, ఇది గిరిజన నృత్యమని ప్రకటించిరి. సభ చప్పట్లు కొట్టినది. నేనును కొట్టితిని. ఇల్లు చేరిన పిమ్మట సిగ్గుపడితిని. ఆ వేషమును పిల్లలకు నేర్పినది అడవి కాదు, సినిమా.

వాస్తవమును విచారింతము. కేకలే భాషయని తెరపై చూపబడు గోండులకు గోండీ భాష కలదు. ఆదిలాబాదు ప్రాంతమున గుంజాల గ్రామమందు లభించిన వ్రాతప్రతులలోని లిపి 2018లో యూనికోడు ప్రమాణమున చేరినది. మనము వినోదమునకై తలకెత్తుకొను నెమలియీకల కిరీటము, దీపావళి దినములలో గుస్సాడీలు నియమనిష్ఠలతో ధరించునది. ఆ నృత్యమునకు జీవితము ధారవోసిన కీర్తిశేషులు కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ లభించినది.

ఇక చెంచుల మాట. నరసింహస్వామి చెంచుల యల్లుడని అహోబిలపు ఐతిహ్యము. ఆ చెంచులక్ష్మి కథ 1943లోను, 1958లోను తెరకెక్కినది. దేవునికి పిల్లనిచ్చిన కులమని మ్రొక్కుదుము. నల్లమలలో త్రాళ్లు పట్టి కొండచరియలకు దిగి తేనె తెచ్చు చెంచువాని కష్టమును మాత్రము చూడము.

భూమికై, అడవిపై హక్కునకై పోరాడి 1940లో జోడేఘాటులో పోలీసు కాల్పులకు బలియైన కుమురం భీమునిపై 1990లో ఒక చిత్రము తీసిరి. అది 2010 వఱకు విడుదలకు నోచుకొనలేదు. కొండవానిని నవ్వులపాలు చేయు చిత్రము ఎన్నడైన ఇరువదియేండ్లు వేచియుండెనా?

ఈ నవ్వు నాటకశాలలో ముగియదు, సోదరులారా! కొండవాడనిన మూఢుడని బాల్యమున నేర్చినవాడు రేపు కచేరీలో గుమస్తా యగును. పట్టాకై దరఖాస్తు పట్టుకొని కొండవాడు ఎదుట నిలిచినప్పుడు, వాని మొఱ గుమస్తా చెవికి హాస్యముగనే సోకును. న్యాయస్థానమున ప్రతివాది మాట వినక తీర్పు చెప్పరాదు. రంగస్థలమున మనము ప్రతిదినము అదే చేయుచున్నాము.

కావున నా మనవి యొక్కటే. వచ్చు వార్షికోత్సవమున మీ పిల్లలకు అట్టి వేషము కట్టింపవచ్చినచో, ఆ జాతివారిని ఒక్కరినైన అడిగితిరా యని ప్రశ్నింపుడు. అడుగనిచో మసి పూయనీయకుడు. వీలైన వారినే పిలిపించి, వారి ఆటను వారిచేతనే ఆడింపుడు. వారి మాటను వారి నోటనే వినుడు. మన యాసకు మనము కోరిన మర్యాదను ముందుగా మనమే పరులకు చూపవలయును.