ఒక రోగనామము – పదచ్ఛేదము
(రజతోత్సవ సభయందలి ప్రసంగము)



అడంగలు వ్రాసికొనువానికి వైద్యపదములతో నేమి పని యని మీ రడుగవచ్చును. కారణము తుదను మనవి చేసెదను.

ఆంగ్ల నిఘంటువుల కెక్కిన మిక్కిలి పొడవైన పద మొకటి కలదు: న్యూమొనోఅల్ట్రామైక్రోస్కోపిక్‌సిలికోవోల్కేనోకోనియోసిస్. రోమను లిపిలో 45 వర్ణములు. మొదటి 'పి' వ్రాయబడునే గాని పలుకబడదు. పలుకునపుడు 19 అక్షరములు; అనగా శార్దూలపు పాదమునకు లెక్క సరిపోవును, గణములు మాత్రము కుదురవు! 1935లో అమెరికాయందలి ప్రహేళికాప్రియుల సంఘాధ్యక్షుడు ఎవరెట్ స్మిత్ పొడవుకొరకే దీనిని కూర్చెను.

బెదరక విడదీయుడు. 'న్యూమోన్' గ్రీకున ఊపిరితిత్తి. 'అల్ట్రా' లాటినున ఆవల. 'మైక్రోస్' సూక్ష్మము, 'స్కోపీన్' చూచుట. 'సిలెక్స్' చెకుముకిరాయి. 'వోల్కేనో' రోమకుల అగ్నిదేవుడగు వల్కన్ పేరిట వచ్చిన అగ్నిపర్వతము. 'కోనిస్' ధూళి. 'ఓసిస్' రోగస్థితిని తెలుపు ప్రత్యయము. మన తత్పురుషమునందువలె వెనుకనుండి విగ్రహము చెప్పవలెను: సూక్ష్మదర్శినికిని అందని అగ్నిపర్వతపు సిలికాధూళివలన ఊపిరితిత్తులకు కలుగు వ్యాధి.

మన గురులఘువులు కాలమునుబట్టి యేర్పడును. ఆంగ్లమున ఊనిక ప్రధానము. 'స్కోప్', 'కే'లపై చిన్న ఊనికలు. ముఖ్యమైనది చివరినుండి రెండవదగు 'ఓ'పై. పాణినీయమున పదమునకు ఒక్క ఉదాత్త మున్నట్లే. అయితే అది కంఠస్వరపు ఎత్తు. నేను తొలుత 19ని సమముగా పలుకగా మా చిన్నవాడు నవ్వెను.

ఈ పదము వినోదమే గాని దీని కడుపులోని 'సిలికోసిస్' వినోదము కాదు. కొన్నియేండ్ల క్రిందట కంకర క్రషరులో పనిచేయు మన యూరి యువకు డొకడు వైద్యుని చీటి తెచ్చి, "అయ్యగారూ, ఇదేం జబ్బండీ?" అనెను. నేను పాండిత్యముతో పదమును రెండుగా విరిచి, "రాతిదుమ్ము జబ్బురా అబ్బాయీ, దుమ్ము తగ్గితే తగ్గుతుంది" అంటిని. విగ్రహవాక్యము తప్పు కాదు. తరువాతి మాట ఘోరమైన తప్పు. ఊపిరితిత్తులలో ఆ ధూళి చేసిన మచ్చలు మానవు. పని మానినను వ్యాధి పెరుగవచ్చును, క్షయకును చోటిచ్చును. ఇవి యేవియు ధాతుప్రత్యయములలో కనబడవు. నా మాట నమ్మి అతడు మరి రెండేండ్లు అచ్చటనే పనిచేసెను.

ఇప్పుడెవరు చీటి తెచ్చినను పదము విప్పి చెప్పుదును. పిమ్మట చొక్కా తొడిగికొని, ఆ చీటి వ్రాసిన వైద్యుని కడకు వెంటబోవుదును. ఆ యువకుడు నేడు ఈ సభకు వచ్చియున్నాడు. మన గ్రంథాలయపు మెట్లు ఏడు. రెండుమార్లు నిలిచి ఎక్కినాడు.