హెడ్మాస్టరు బదిలీ అయినా బడి నిలవాలి
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉర్దూ మీడియం బడుల్లో పాఠాలు చెప్పుకునే మమ్మల్ని పిలిచి నాలుగు మాటలు చెప్పమన్నందుకు సంఘానికి కృతజ్ఞులము. ఇలాంటి సభల్లో చదువు గురించి మాట్లాడమంటే పిల్లలకో, తల్లిదండ్రులకో బుద్ధులు చెప్పడం మా వాళ్ళకు అలవాటు. ఈ రోజు ఆ రెండూ వద్దనుకున్నాము. బడిని నడిపించేవాళ్ళు ఏమి నేర్చుకోవాలి, ఆ నేర్చుకున్నది బడిలో ఎలా నిలవాలి అన్న సంగతి మీ ముందు పెడతాము. ఇది టీచర్ల ఇంటి గొడవ అని ఊరుకోకండి. ఇందులో ఉన్నది మీ పిల్లల భవిష్యత్తే.

మనందరం చూసిన విషయం ఒకటుంది. ఒక ఊరికి మంచి హెడ్మాస్టరు వస్తారు. బడి వేళకు తెరుచుకుంటుంది, రాని పిల్లవాడి ఇంటికి కబురు వెళుతుంది, నోటుపుస్తకాలు దిద్దబడతాయి. మూడు నాలుగేళ్ళలో బడికి పేరు వస్తుంది. అంతలో బదిలీ. పూలదండ వేసి, శాలువా కప్పి, కన్నీళ్ళతో సాగనంపుతాము. ఏడాది తిరిగేసరికి బడి మళ్ళీ మొదటికే వస్తుంది. "ఆయన ఉన్న రోజుల్లో ఎంత బాగుండేది!" అని చెప్పుకుంటాము. ఆయన మంచివారే, సందేహం లేదు. అయితే ఆయనతో పాటే వెళ్ళిపోయిన మంచి ఆయన సొత్తు మాత్రమే. అది ఇంకా బడి సొత్తు కాలేదన్నమాట.

ఉర్దూ మీడియం బడులకు ఈ దెబ్బ మరీ గట్టిగా తగులుతుంది. మా బడులు చాలా చోట్ల చిన్నవి, ఇద్దరు ముగ్గురు టీచర్లతో నడిచేవి. ఒక్క ఏడాది చదువు మందగిస్తే చాలు, తల్లిదండ్రులు పిల్లల్ని పక్కవీధి ఇంగ్లీషు మీడియంలో చేరుస్తారు. వెళ్ళిన పిల్లలు తిరిగి రావడం అరుదు. పిల్లలు తగ్గితే పోస్టులు తగ్గుతాయి, పోస్టులు తగ్గితే చదువు ఇంకా తగ్గుతుంది. ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా చేస్తూ తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో శాసనసభలు చట్టం చేశాయి. సంతోషించవలసిన విషయమే. కాని భాష చట్టంలో ఉండటం వేరు, మూడో తరగతి పిల్ల నాలుక మీద ఆడటం వేరు.

మరి టీచర్లకు, హెడ్మాస్టర్లకు శిక్షణలు లేవా అంటే, కావలసినన్ని ఉన్నాయి. మేము పిల్లలుగా ఉన్న రోజుల్లో, 1984లో, బ్రిటిష్ ప్రభుత్వ సహాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం మొదలైంది. పిల్లలు చేసి నేర్చుకోవాలి, గుంపులుగా పనిచేయాలి, చుట్టూ ఉన్న పరిసరాలే పాఠం కావాలి, పిల్లల పని గోడల మీద కనబడాలి అన్నవి దాని సూత్రాలు. టీచర్లు కలుసుకుని మాట్లాడుకోవడానికి ఉపాధ్యాయ కేంద్రాలు పెట్టారు. 2012లో ఢిల్లీలో ప్రధానోపాధ్యాయుల కోసమే జాతీయ పాఠశాల నాయకత్వ కేంద్రం ఏర్పడింది. 2019లో కేంద్ర ప్రభుత్వం నిష్ఠా అనే పేరుతో దేశమంతటా టీచర్లకు, హెడ్మాస్టర్లకు శిక్షణ మొదలుపెట్టింది. హైదరాబాదులో 1998లో స్థాపించబడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో ఉర్దూ మీడియం టీచర్ల వృత్తి వికాసానికి ప్రత్యేకంగా ఒక కేంద్రమే ఉంది.

ఇన్ని ఉండగా బడి ఎందుకు నిలబడటం లేదు? కారణం చెబుతాము. మామూలుగా శిక్షణకు బడి నుంచి ఒకరు వెళతారు. ఐదు రోజులు వింటారు, టీ తాగుతారు, కరపత్రాలూ సర్టిఫికెట్టూ తెచ్చుకుంటారు. తిరిగి వచ్చాక మిగతావాళ్ళు "ఏం చెప్పారు సార్?" అని అడుగుతారు. "బాగానే చెప్పారు" అంటారు. అంతటితో సరి. పైగా శిక్షణ తెలుగులోనో ఇంగ్లీషులోనో జరిగినప్పుడు ఉర్దూ టీచర్లు వెనక వరసలో కూర్చుని సగం విని, సగం ఊహించుకుని వస్తారు.

అమెరికాలో జాయిస్, షవర్స్ అనే ఇద్దరు పరిశోధకులు 1980 దశకంలో ఈ విషయాన్నే పరిశీలించారు. ఉపన్యాసం విన్నంత మాత్రాన, నమూనా పాఠం చూసినంత మాత్రాన కొత్త పద్ధతి తరగతి గదిలోకి రావడం చాలా తక్కువనీ, బడికి తిరిగి వచ్చాక తోటివారు పక్కన ఉండి చూసి, సలహా చెప్పి, మళ్ళీ చేయించినప్పుడే అది అలవాటుగా మారుతుందనీ వారు తేల్చారు. జపాను టీచర్లు వంద సంవత్సరాలకు పైగా చేస్తున్నదీ ఇదే. కొందరు కలిసి ఒక పాఠాన్ని తయారు చేస్తారు, ఒకరు చెబుతుంటే మిగతావారు పిల్లల్ని గమనిస్తారు, తరువాత కూర్చుని ఆ పాఠాన్ని సరిచేస్తారు. మన దర్జీ ఖానాల్లో శాగిర్దు ఎలా నేర్చుకుంటాడు? ఉస్తాదు పక్కన కూర్చుని, గుడ్డ కత్తిరించి, కుట్టి, విప్పి, మళ్ళీ కుట్టి నేర్చుకుంటాడు. టీచరు పనీ అంతే.

కాబట్టి మేము కోరేది ఏమిటంటే, శిక్షణకు ఒక మనిషిని పంపడం చాలదు, ఒక జట్టు నేర్చుకోవాలి. హెడ్మాస్టరు, ఇద్దరు టీచర్లు, బడి యాజమాన్య కమిటీ నుంచి ఒక తల్లి లేక తండ్రి, ఈ నలుగురూ జట్టు. ఒకరు బదిలీ అయితే ముగ్గురు మిగులుతారు. కొత్తగా వచ్చినవారికి ఆ ముగ్గురే బడి పద్ధతి నేర్పుతారు. ప్రభుత్వ బడుల్లో ఆ కమిటీ సభ్యుల్లో నూటికి 75 మంది తల్లిదండ్రులే ఉండాలనీ, మొత్తంలో సగం స్త్రీలు ఉండాలనీ 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చేయడం కూడా ఆ కమిటీ పనే. సంతకాలకు మాత్రమే పిలిచే కమిటీ వల్ల ఏం ప్రయోజనం?

జట్టు ఏం చేస్తుందో ఒక ఉదాహరణతో చెబుతాము. మూడో తరగతి పిల్లల చేత ఒక్కొక్కరి చేత ఒక పేరా చదివించి చూస్తారు. జబర్, జేర్, పేష్ గుర్తులు పెట్టి ఉంటే చదువుతున్నారు, గుర్తులు తీసేస్తే తడబడుతున్నారు అనుకోండి. ఉర్దూ చదవడంలో అసలు మెట్టు అదే. ఇక ఆ ఒక్క విషయాన్నే పట్టుకోవాలి. గుర్తులు మెల్లగా తగ్గించుకుంటూ వెళ్ళే పాఠాలు ఇద్దరు టీచర్లు కలిసి తయారు చేయాలి. ఒకరు చెబుతుంటే ఇంకొకరు చూడాలి. ఆరు వారాల తరువాత అదే పిల్లల చేత మళ్ళీ చదివించాలి. ఎంతమంది దాటారు, ఎవరు మిగిలారు అన్నది ఒక రిజిస్టరులో రాయాలి. ఆ రిజిస్టరు బడిలో ఉంటుంది, బదిలీ మీద వెళ్ళదు. తరువాత లెక్కలు. జమా, తఫ్రీఖ్, జర్బ్, తఖ్సీమ్ అని నేర్చుకున్న పిల్ల పై తరగతిలో తెలుగులోకో ఇంగ్లీషులోకో మారితే అవే లెక్కలకు కొత్త పేర్లు విని బెదిరిపోతుంది. ఐదో తరగతిలోనే ఆ పేర్లన్నీ పక్కపక్కన నేర్పితే ఆ బెదురు ఉండదు.

ఇందుకు టైము ఎక్కడిది అని అడుగుతారు. టీచర్లు, హెడ్మాస్టర్లు ఏడాదికి 50 గంటలైనా వృత్తి వికాసానికి కేటాయించాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. అంటే బడి జరిగే పది నెలల్లో నెలకు ఐదు గంటలు. రెండు గంటలు ఒకరి పాఠం ఒకరు చూడటానికి, గంటన్నర మాట్లాడుకోవడానికి, ఒక గంట నోటుపుస్తకాలు చూడటానికి, అరగంట తల్లిదండ్రులతో కూర్చోవడానికి సరిపోతుంది. తోటి టీచరు వచ్చి వెనక కూర్చుంటే మొదట్లో ఎవరికైనా ఇబ్బందే. చూసేది తప్పులు పట్టడానికి కాదు, పై ఆఫీసుకు రాయడానికి అసలే కాదు అన్న భరోసా హెడ్మాస్టరు ఇవ్వాలి. నాయకత్వం అంటే మా దృష్టిలో ముందు అదే.

చివరగా సంఘానికి మా మనవి. ప్రతి ఏడూ నోటుపుస్తకాలు, యూనిఫారాలు పంచుతున్నారు, మంచిదే, మానవద్దు. వాటితో పాటు ఈ సంవత్సరం ఒక్క బడిని ఎంచుకుని, దాని జట్టుకు అండగా నిలవండి. ఉర్దూలో బాగా చెప్పగలిగిన రిటైర్డు టీచరును నెలకు ఒకసారి ఆ బడికి పంపండి, దారి ఖర్చులు భరించండి. హెడ్మాస్టరు వచ్చే రోజూ, వెళ్ళే రోజూ కాకుండా మధ్యలో కూడా ఒకసారి వచ్చి ఆ రిజిస్టరు చూడండి. ఎంతమంది పిల్లలు గుర్తులు లేకుండా చదువుతున్నారో అడగండి. మూడేళ్ళ దాకా వదలకండి. పది బడులకు ఒక్కరోజు సహాయం కంటే ఒక బడికి మూడేళ్ళ తోడు మేలు.

మంచి హెడ్మాస్టర్లు వస్తారు, పోతారు. వారు పోయినా చదువు ఆగని బడి ఒక్కటి మన పేటలో ఉంటే, దాన్ని చూసి రెండోది తయారవుతుంది.