గిటారుకు తీగల నెన్నుకొనుట
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



కార్యవర్గమువారు నన్ను గిటారు తీగలను గూర్చి మాటలాడుమని కోరిరి. నేను సంగీత విద్వాంసుడను గాను. లెక్కల శాఖలో పనిచేయువాడను. అయినను ఈ విషయమున నేను చేసిన పొరపాటొకటి కలదు. మన క్వార్టర్లలో పలువురు పిల్లలు గిటారు నేర్చుచున్నారు. ఆ పొరపాటు మీ యింట జరుగకుండుటకై దానిని మనవి చేయుచున్నాను.

మా అమ్మాయికి పండ్రెండవ యేట గిటారు నేర్చుకొనవలెనని కోరిక కలిగినది. బదిలీపై వెళ్లుచున్న మిత్రుడొకడు తన పాత గిటారు నిచ్చెను. దాని తీగలు కళదప్పి యుండెను. క్రొత్తవి కొనుటకు నేనొక్కడనే అంగడికి పోయితిని. గిటారును వెంట తీసికొనిపోలేదు. అది యే జాతిదో నాకు తెలియదు. గట్టివి, ఎక్కువకాలము మన్నునవి కావలెనంటిని. ఉక్కు తీగలు కొని తెచ్చి, శ్రద్ధగా బిగించితిని. మూడవనాటి రాత్రి అందఱము నిద్రించుచుండగా పెళ్లుమని శబ్దమయినది. లేచి చూడగా, తీగలు తగిలించు బ్రిడ్జి గిటారు పలకనుండి ఊడి వ్రేలాడుచున్నది. అమ్మాయి ఒక్క మాటయు అనలేదు. ఆ మౌనమే నన్నెక్కువ బాధించినది.

గిటార్లు ముఖ్యముగా రెండు జాతులు: నైలాను తీగలవి, ఉక్కు తీగలవి. ఆరు నైలాను తీగలను శ్రుతికి బిగించినపుడు గిటారుపై పడు మొత్తము లాగుడు సుమారు 40 కిలోలు. సాధారణపు ఉక్కు తీగలకు అది 70 కిలోలు దాటును. నైలాను గిటారు పలకను, దాని లోపలి బద్దలను తక్కువ భారమునకు తగినట్లే పలుచగా చేయుదురు. దానికి ఉక్కు తీగలు బిగించుట ఎడ్లబండిపై లారీ సరకు నెక్కించుట వంటిది.

రెంటిని గుర్తించుట సులభము. నైలాను గిటారు మెడ వెడల్పు. తలవైపు సుమారు 52 మిల్లీమీటర్లుండును. తీగలను బ్రిడ్జికి ముడివేయుదురు. సన్నని మూడు తీగలు చేపల గాలపు దారమువలె నుండును. ఉక్కు గిటారు మెడ సుమారు 43 మిల్లీమీటర్లు. దాని తీగల చివర చిన్న గుండ్లుండును. వానిని బ్రిడ్జి రంధ్రములలో జొనిపి చీలలతో బిగింతురు.

నైలానుకు ముందు గొఱ్ఱె ప్రేగుల తంతులు వాడెడివారు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అవి శస్త్రచికిత్సలో కుట్లు వేయుటకు కావలసివచ్చి, వాదకులకు కరవైనవి. 1940 దశకమున న్యూయార్కులో ఆల్బర్ట్ అగస్టీన్, ప్రసిద్ధ గిటారు విద్వాంసుడు సెగోవియా ప్రోత్సాహముతో, నైలాను తీగలను తయారుచేసెను.

ఇక ఉక్కు తీగల మందము. పొట్లముపై 10, 11, 12, 13 అను అంకెలు కనబడును. అన్నిటికంటె సన్నని తీగ అంగుళములో ఎన్ని వేయవ వంతులో ఆ అంకె తెలుపును. 12 అనగా సుమారు 0.30 మిల్లీమీటరు. లోహము, పొడవు, శ్రుతి ఒక్కటే యైనపుడు లాగుడు మందముయొక్క వర్గమును బట్టి పెరుగును. తీగల కంపనమునకు సంబంధించిన ఈ సూత్రములను ఫ్రెంచి పండితుడు మెర్సెన్ 1630 దశకముననే ప్రకటించెను. లెక్కవేసి చూడుడు: 10 బదులు 12 వేసినచో ఆ తీగ లాగుడు 1.44 రెట్లగును. లావు తీగకు నాదము గంభీరమే. కాని వ్రేలికి శ్రమ అధికము. తొలి మాసములలో వ్రేళ్లు కందిపోయి వాద్యమును మూలబెట్టిన పిల్లలను చూచితిని. వారికి శ్రద్ధ లేదని మనము తలచెదము. తప్పు తీగది కావచ్చును. నేర్చుకొనువారికి 10 గాని, 11 గాని చాలును.

లోహములందును భేదము కలదు. లావు తీగలపై చుట్టు రాగి 80 పాళ్లు, జింకు 20 పాళ్లుగా నున్నచో నాదము తళుకుగా నుండును. కాని చెమటకు త్వరగా మందగించును. 1974లో వాడుకలోకి వచ్చిన ఫాస్ఫరు కంచు చుట్టు తీగలు మెత్తగా పలికి, మరికొంత మన్నును. వీణ వాయించు సోదరీమణులకు ఇది వింత కాదు. సారణికి, అనుమంద్రమునకు ఒకే తీగ పనికిరాదని వారెరుగుదురు.

వాయించిన పిదప తీగలను పొడిగుడ్డతో తుడువవలెను. నలుపెక్కి శ్రుతి నిలువనపుడు మార్చవలెను.

మా గిటారును వాద్యములు బాగుచేయు వృద్ధుడొకరు జిగురుతో అతికి, నైలాను తీగలు కట్టియిచ్చిరి. ఈసారి గిటారును, అమ్మాయిని వెంట తీసికొనిపోయితిని. తీగలను తానే యెంచుకొన్నది. ముందు వాద్యమును చూడవలెను. పిదప వాయించు వ్రేళ్లను చూడవలెను. ధరను చివర చూడవలెను. నేను ధరతో ప్రారంభించితిని.

ఆ గిటారే మరికొంతసేపటిలో ఈ వేదికపై మీరు వినబోవుచున్నారు. కనుక నేనింతటితో విరమించుట ఉచితము. సెలవు.