మన పట్టా కంప్యూటర్‌కి ఎందుకు కనబడదు?



ఇవాళ నన్ను మాట్లాడమన్న విషయం పేరు వింటే మీలో కొందరికి నిద్రొస్తుంది. ప్రభుత్వ శాఖల కంప్యూటర్లు ఒకదానితో ఒకటి సమాచారం పంచుకోవడానికి కావాల్సిన ఓపెన్ స్టాండర్డ్స్, అంటే బహిరంగ ప్రమాణాలు. జల్, జంగల్, జమీన్ గురించి చెప్పకుండా ఈ కంప్యూటర్ గోలేంటి అనుకోకండి. ఇది జమీన్ గురించే.

ఒక అంకె చెప్తా. 2.20. మీ పట్టాలో విస్తీర్ణం ఇట్లా రాసుందనుకోండి. తెలంగాణలో లెక్క గుంటల్లో, ఎకరానికి 40 గుంటలు. కాబట్టి 2.20 అంటే రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. ఆంధ్రాలో లెక్క సెంట్లలో, ఎకరానికి 100 సెంట్లు. అక్కడ అదే 2.20 రెండెకరాల ఇరవై సెంట్లు అవుతుంది. అంకె ఒక్కటే, తేడా 30 సెంట్ల భూమి. మనిషైతే "గుంటలా, సెంట్లా?" అని అడుగుతాడు. కంప్యూటర్ అడగదు. ముందే రాసిపెట్టిన నియమం ప్రకారం పోతుంది. ఆ నియమమే ప్రమాణం. దాన్ని ఎవరైనా చదవగలిగేలా, ఒక్క కంపెనీ గుప్పిట్లో లేకుండా, వాడుకున్నందుకు రాయల్టీ కట్టక్కర్లేకుండా పెడితే అది బహిరంగ ప్రమాణం.

ఇప్పుడు ఊరి సంగతి. చింతూరు మండలంలో ఒక ఊరు తీసుకోండి. 2014 వరకు అది ఖమ్మం జిల్లా. పోలవరం కోసం ముంపు మండలాలను ఆంధ్రాలో కలిపాక తూర్పు గోదావరి. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి పోయింది. ఊరు మాత్రం ఒక్క అడుగు కదల్లేదు. పట్టా మీద ఒక జిల్లా, బ్యాంకు పుస్తకంలో ఇంకో జిల్లా, ఆధార్‌లో మూడో జిల్లా ఉంటే, కంప్యూటర్ దృష్టిలో అవి మూడు వేరు ఊళ్ళు. మనం ముగ్గురు వేరు మనుషులం.

దీనికి విరుగుడు కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ దగ్గర లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ అని ఒకటుంది. అందులో జిల్లాకి, మండలానికి, పంచాయతీకి, గ్రామానికి కోడ్ నంబర్లు ఉంటాయి. అన్ని శాఖలూ ఆ నంబరే వాడితే, పేరు ఎట్లా రాసినా ఊరు ఏదో తెలుస్తుంది. అయితే మనం అడగాల్సిన ప్రశ్న ఇంకోటుంది. గూడెం సంగతేంటి? అటవీ హక్కుల చట్టం సెక్షన్ 2(పి) ప్రకారం సర్వే కాని ఊరు, పాత ఆవాసం కూడా గ్రామమే. ప్రభుత్వం నోటిఫై చేసినా, చేయకపోయినా సరే. చట్టం ఒప్పుకున్న గూడెం, రెవెన్యూ గ్రామాల జాబితా మీద నడిచే కంప్యూటర్‌లో ఎక్కడుంది? జాబితాలో లేని ఊరికి ఫారంలో గడి ఉండదు. గడి లేకపోతే దరఖాస్తు ముందుకు కదలదు.

అక్షరాల గొడవ కూడా ఉంది. పాత గ్రామసభ తీర్మానాలు చాలా వరకు అను ఫాంట్లలో టైప్ చేసినవే. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు బదులు పిచ్చిగీతలు వస్తాయి. యూనికోడ్ అనే ప్రమాణంలో టైప్ చేస్తే ఏ ఫోన్‌లోనైనా తెరుచుకుంటుంది, పేరు పెట్టి వెతుక్కోవచ్చు. ఇదే యూనికోడ్‌లోకి 2017లో మసారం గోండి, 2018లో గుంజాల గోండి లిపులు చేరాయి. గుంజాల అంటే మన ఆదిలాబాద్ గుంజాలే. ప్రమాణాలు మనకు పరాయివి కాదని చెప్పడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

2010లోనే కేంద్ర ప్రభుత్వం ఈ-గవర్నెన్స్‌కి ఓపెన్ స్టాండర్డ్స్ విధానం ప్రకటించింది. ఆ ప్రమాణాలు భారతీయ అధికార భాషలన్నిటికీ పనికొచ్చేలా ఉండాలని అందులో రాశారు. బాగానే ఉంది. మరి కోయ, కువి, సవర? ఎనిమిదో షెడ్యూల్‌లో లేని భాషకి ఆ మాట వర్తించకపోతే అది మన సగం ఊళ్ళను బయట నిలబెట్టడమే.

ఇక అసలు విషయానికొద్దాం. పట్టా చేతికొస్తే పని అయిపోయిందని మనవాళ్ళు అనుకుంటారు. చట్టం అట్లా అనుకోలేదు. 2012లో సవరించిన నియమాల్లో 12ఎ(9) చదవండి. హక్కుపత్రం ఇచ్చాక రెవెన్యూ, అటవీ శాఖలు తుది మ్యాపు తయారుచేయాలి. ఆ హక్కుని తమ రికార్డుల్లోకి ఎక్కించాలి. దానికి గడువు ఎక్కువలో ఎక్కువ 3 నెలలు. ఈ పని జరగకపోతే పట్టా బీరువాలో కాగితంగానే ఉంటుంది. పంట రుణానికి బ్యాంకుకి పోతే "సిస్టంలో చూపించట్లేదు" అంటారు. భార్యాభర్తలిద్దరి పేరు మీద ఇవ్వాలని సెక్షన్ 4(4) చెప్తుంది. కంప్యూటర్‌లో పట్టాదారు పేరుకి ఒకటే గడి పెడితే రెండో పేరు, అంటే ఎక్కువసార్లు ఆడమనిషి పేరు, అక్కడే రాలిపోతుంది. చట్టం ఇచ్చిన హక్కుని ఒక గడి తీసేసుకుంటుంది.

అట్లాగని కంప్యూటర్లన్నీ కలిపేస్తే చాలు అనుకోకండి. తెలంగాణలో సమగ్ర వేదిక పేరుతో అనేక శాఖల డేటా కలిపి, ఎవరు అర్హులో ఎవరు కాదో చూసే ఏర్పాటు చేశారు. 2016 నుంచి రాష్ట్రంలో రద్దైన సుమారు 19 లక్షల రేషన్ కార్డులను క్షేత్రస్థాయిలో మళ్ళీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. మన గూడేల్లో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్ళు ఐదారుగురు ఉంటారు. వాళ్ళలో ఒకరి పేరు మీదున్న ట్రాక్టరు ఇంకొకరి ఖాతాలో పడితే బియ్యం ఆగిపోతాయి. ఏ లెక్కతో ఆపారో చెప్పేవాడు ఉండడు.

అందుకే ఈ తేడా గుర్తుపెట్టుకోండి. బహిరంగం కావాల్సింది నియమాలు. మన వివరాలు కాదు. ఏ శాఖ ఏ సమాచారం, ఏ పద్ధతిలో, ఎందుకు పంపుతుందో అందరికీ తెలియాలి. మన ఆధార్ నంబరు, మన కుటుంబం సంగతి అందరికీ తెలియక్కర్లేదు. ఎస్టోనియా అనే చిన్న దేశంలో తన వివరాలు ఏ ప్రభుత్వ ఆఫీసు చూసిందో పౌరుడే ఆన్‌లైన్‌లో చూసుకునే వీలుంది. అక్కడ సాధ్యమైంది ఇక్కడ ఎందుకు కాదు?

మరి మనమేం చేయాలి? చదువుకున్న మీరే చేయాల్సిన పనులు ఇవి.

ఒకటి. మీ ఊళ్ళో పట్టాలన్నీ ఒకచోట పెట్టండి. ఎన్ని రెవెన్యూ రికార్డులోకి ఎక్కాయి, ఎన్ని ఎక్కలేదో రాయండి. ఎక్కనివాటికి 12ఎ(9) నంబరు వేసి అర్జీ పెట్టండి.

రెండు. జీపీఎస్ సర్వే హద్దుల్ని కాగితం మీద గీతగా కాకుండా కేఎంఎల్ ఫైలుగా ఇవ్వమని అడగండి. అది బహిరంగ ప్రమాణమే, ఫోన్‌లో కూడా తెరుచుకుంటుంది. సమాచార హక్కు చట్టం ఎలక్ట్రానిక్ రూపంలో సమాచారం తీసుకునే హక్కు మనకిచ్చింది.

మూడు. గ్రామసభ తీర్మానాలు ఇకనుంచి యూనికోడ్‌లోనే టైప్ చేయండి. ఊరి కోడ్, తేదీ, ఎకరాలతో పాటు గుంటలో సెంట్లో కూడా తప్పకుండా రాయండి.

నాలుగు. మీ గూడెం పేరు కంప్యూటర్ జాబితాలో లేకపోతే గ్రామసభలో తీర్మానం చేసి కలెక్టర్‌కి, ఐటీడీఏ పీఓకి పంపండి.

ఐదు. ఏ పథకమైనా కంప్యూటర్ చెప్పిందని ఆపితే, కారణం రాతపూర్వకంగా ఇవ్వమనండి. నోటిమాటతో వెనక్కి రాకండి.

మావ నాటే మావ రాజ్ అన్నాం. మన ఊరి పేరు, మన హద్దు, మన ఇంటి ఆడవాళ్ళ పేరు ఆ రికార్డులో ఎట్లా ఉండాలో చెప్పే హక్కు కూడా ఆ మాటలోనే ఉంది. తుపాకీ పట్టిన కాలంలో పెద్దలు హద్దురాళ్ళ కోసం కొట్లాడారు. ఇప్పుడు హద్దు కంప్యూటర్‌లో ఉంది. అక్కడ కూడా మనం ఉండాలి.

జై ఆదివాసీ. జోహార్.